ఎడమవైపు పాఠాలు

ఆ టీ కంపెనీలో రుచి చూసే గదికి ఉత్తరం వైపు తప్ప కిటికీలు లేవు. ఎండ నేరుగా పడితే గిన్నెలో రంగు అబద్ధం చెబుతుందని ఎప్పుడో ఎవరో పెద్దమనిషి తేల్చి అలా కట్టించాడు. గది మధ్యలో పొడవాటి తెల్ల బల్ల. బల్ల మీద వరసగా మూతలున్న చిన్న చిన్న కూజాలు, వాటి ముందు పిడి లేని తెల్ల గిన్నెలు. పొద్దున్న పదింటికి కూజాల్లో మరిగే నీళ్ళు పోస్తారు. సరిగ్గా ఆరు నిమిషాలకి గిన్నెల్లోకి వంచుతారు. ఆ గదిలోకి వచ్చేవాళ్ళు సెంటు పూసుకోకూడదు, ఉల్లిపాయ తిని రాకూడదు, జలుబు చేస్తే అసలు గుమ్మమే తొక్కకూడదు.

ఆ గదికి మహారాణి నాలుకమ్మ. అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది గానీ ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ దానితో పని పడలేదు. చెంచాతో టీ తీసుకుని సర్రున పీలుస్తుంది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడేంత చప్పుడు. టీ నోరంతా తుంపరలా కొట్టుకుంటుంది. మూడు లెక్కపెట్టేలోపు పక్కనున్న తొట్టిలోకి ఉమ్మేసి, ఒక్క మాట అంటుంది. "మాడింది." లేదా "పసరు." లేదా "పొగ." ఆ ఒక్క మాట మీద గోడౌన్లో లారీలు కదులుతాయి, లేదా ఆగిపోతాయి.

మింగడం మాత్రం ఎన్నడూ లేదు. "మింగినవాడికి కడుపు నిండుతుంది గానీ పని నిండదు" అంటాడు బాబాయ్. బాబాయ్ ఆవిడకేమీ చుట్టం కాదు. రెండో టేస్టరు. రిటైరవడానికి రెండేళ్ళుంది. అందరికీ బాబాయే.

ఇంత రాణీగారికి పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. ఓ రాత్రి నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, ఆవిడ భర్త, స్కూల్లో లెక్కల మాస్టారు, ఆటోలో ఆసుపత్రికి పట్టుకెళ్ళాడు. పొట్టకి నాలుగు చిన్న చిల్లులు పెట్టి తీసేస్తామన్నారు. గంటన్నర పని. మత్తు ఇచ్చి, గొంతులోకి గొట్టం వేస్తారు. లేచేసరికి రాళ్ళూ ఉండవు, నొప్పీ ఉండదు.

ఆపరేషన్ రోజు పొద్దున్న థియేటర్ పక్కనున్న చిన్న గదిలో ఉంచారు. రెండే మంచాలు. రెండో మంచం మీద ఒక దర్జీ ఆవిడ. ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. మెడలో గడ్డ తీయించుకోవడానికి వచ్చింది. ఇద్దరికీ ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. ఆకలి మీద ఉన్నవాళ్ళకి స్నేహం తొందరగా కుదురుతుంది.

"మీరేం పని చేస్తారక్కా?" అంది దర్జీ ఆవిడ.

"టీ నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను."

"దానికి జీతం కూడానా! మా వదిన చెవిన వేయకండి, రేపట్నుంచి మిషను ముట్టుకోదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత దర్జీ ఆవిడ పెదాలు తడుపుకుంటూ అంది. "నాకు రుచంటేనే తెలీదక్కా. స్కూలు యూనిఫారాలు కుడతాను. పొద్దస్తమానం నోట్లో గుండుసూదులు. ఏం తిన్నా, ఏం తాగినా ఇనుమే తగులుతుంది. మీలాంటి నాలుక ఒక్కరోజు ఉంటే చాలనిపిస్తుంది."

"దానికేం భాగ్యం? నయమయ్యాక రా, నేర్పిస్తాను."

పని నేర్చుకుంటామని ఎవరొచ్చినా నాలుకమ్మ అనే మాటే అది. పైసా ఖర్చులేని మాట. దర్జీ ఆవిడ మాత్రం మంచం మీంచి చెయ్యి చాపి, ఆవిడ వేళ్ళు పట్టుకుని, "మాటేనా?" అంది. చేతి నిండా సూదులు గుచ్చుకున్న కాయలు.

"మాటే."

దర్జీ ఆవిడని ముందు తీసుకెళ్ళారు. రెండు గంటలు దాటాక నాలుకమ్మని.

థియేటర్లో చలి. రబ్బరు వాసన, స్పిరిట్ వాసన, వాటి కింద ఎక్కడో వేడెక్కిన ఇస్త్రీ బట్ట వాసన. మత్తు డాక్టరు కొంచెం అలిసిపోయినట్టుంది. కళ్ళకింద ఎర్రగా ఉంది. ముక్కు మీద మాస్కు పెట్టి, "పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి" అంది.

పది. తొమ్మిది. ఎనిమిది. ఏడు దగ్గర నాలుకమ్మ పెదాలు ఆగిపోయాయి. చీకటి మీద చీకటి పరుచుకుంటోంది. ఆ చీకట్లో, తల వెనకాల ఎక్కడో, మెల్లగా, పొడి గొంతుతో ఎవరో అన్నారు.

"ఆరు..."

*

లేచేసరికి రాళ్ళు లేవు. నాలుకలో ఎడమ సగం కూడా లేదు.

ఉండటానికి ఉంది. అద్దంలో చూసుకుంటే గులాబీ రంగులో నిక్షేపంగా ఉంది. కానీ నోట్లో ఎవరో చెక్కముక్క పెట్టి మర్చిపోయినట్టుంది. వేడి లేదు, చల్లన లేదు, ఉప్పు లేదు, తీపి లేదు. నాలుక మధ్యలో గీత గీసినట్టు, కుడివైపు లోకమంతా ఉంది, ఎడమవైపు గోడ.

మత్తు డాక్టరు మంచం అంచున కూర్చుని దాపరికం లేకుండానే చెప్పింది. "గొట్టం వేయాలంటే నాలుకని పక్కకి నొక్కిపట్టాలి. మీ నోరు చిన్నది, దవడ బిగువు. మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఆ ఒత్తిడికి నాలుక పక్కన ఉండే నరం నలిగింది. తెగలేదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొందరికి నెలలు పడుతుంది."

"తగ్గకపోతే?"

డాక్టరు వేలి గోరు చూసుకుంది. "చాలామందికి తగ్గుతుందమ్మా."

ఇంటికొచ్చాక మాస్టారు ధైర్యం చెప్పాడు. "సగం పోయినా ఊళ్ళో అందరికంటే నీ నాలుకే పొడుగు. నాకు తెలుసు, నేను పడ్డవాణ్ణి."

ఆవిడ నవ్వింది గానీ లోపల కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. నలభై రోజుల్లో పరీక్ష. ఏటా పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి టేస్టర్ల నాలుకలు పరీక్షిస్తాడు. వరసకి మూడు గిన్నెలు. రెండింట్లో ఒకే టీ, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. అలాంటి వరసలు ఆరు. ఒక్కటి తప్పితే పర్వాలేదు. రెండు తప్పితే ఆ గుమ్మం మళ్ళీ ఎక్కే పనిలేదు. ఆవిడకి ముందున్న పెద్ద టేస్టరుకి జ్వరమొచ్చి వాసన పోతే, పాకింగులో డబ్బాలకి మూతలు బిగిస్తూ రిటైరయ్యాడు. నమస్కారం పెట్టినవాళ్ళే ఆయన్ని పక్కకి జరగమనేవాళ్ళు.

పదోరోజున పనిలో చేరింది. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. బాబాయ్ మాత్రం రెండోరోజే పట్టేశాడు. ఆవిడ తల కుడివైపు వాల్చి పీల్చడం చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నరంలేని నాలుక అని ఊరికే అంటారనుకున్నా. నీకు నిజంగానే పోయిందా అమ్మడూ?"

"గట్టిగా అరవకు బాబాయ్."

"నేనెందుకు అరుస్తాను? నేనరిస్తే పెద్ద టేస్టరు కుర్చీ నాకిస్తారు. రెండేళ్ళకోసం ఎవడు మోస్తాడు ఆ బరువు! పరీక్షలోపు దాన్ని లేపు. అంతే."

ఎలా లేపాలో ఆవిడకి తెలిసింది ఒక్కటే దారి. కొత్తగా చేరినవాళ్ళకి రుచి నేర్పే పద్ధతి. కళ్ళు మూసుకుని నాలుక మీద ఒక చుక్క పెట్టుకోవాలి. పైకి దాని పేరు చెప్పాలి. మళ్ళీ చుక్క, మళ్ళీ పేరు. నాలుక మొద్దుదైనా వినగా వినగా నేర్చుకుంటుంది. ఆ పద్ధతిలో ఆవిడ ఎందరినో తయారుచేసింది. ఇప్పుడు తన సగం నాలుకనే శిష్యురాలిగా కూర్చోబెట్టింది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి, కంపెనీ నుంచి వచ్చి, మాస్టారు స్కూలు నుంచి రాకముందు, వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. చుక్కలమందు వేసే చిన్న గొట్టంతో సరిగ్గా ఎడమవైపే చుక్క. "ఇది పంచదార. తీపి." ఆగి, "ఇది ఉప్పు." తర్వాత టీలు. "ఇది మాడింది. ఇది పసరు. ఇది పొగ. పొగకీ మాడుకీ తేడా తెలుసుకో. మాడు నాలుక మీద ఆగుతుంది, పొగ పైకి పోతుంది." ఇరవై రెండేళ్ళ విద్య. ఎవరికీ చెప్పని కిటుకులు కూడా చెప్పింది. సొంత నాలుక దగ్గర దాపరికమేముంది?

పన్నెండో పాఠం నాడు ఎడమవైపు మొదటిసారి ఏదో తగిలింది.

ఆవిడ పెట్టిన చుక్క తేనె. తగిలింది తేనె కాదు. సన్నగా, చల్లగా, గుండ్రటి తలలతో, గుప్పెడు. గుండుసూదులు. గబుక్కున చేతిలోకి ఉమ్మింది. అరచేతిలో తేనె కలిసిన ఉమ్మి తప్ప ఏమీ లేదు.

ఫోన్ చేస్తే డాక్టరు సంతోషించింది. "నరం కోలుకునేటప్పుడు లేనిపోని రుచులు తెలుస్తాయి. మంచి గుర్తే."

ఆవిడ కూడా సంతోషించింది. ఆ తర్వాత ఒక్కోరోజు ఒక్కోటి. తడి దూది. రబ్బరు. నోరు కడిగే మందు తాలూకు చేదు, అదీ రోజూ పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ, గడియారం కొట్టినట్టు. ఒక్క సంగతి మాత్రం నాలుకమ్మని తొలిచేది. జన్మలో ఎప్పుడూ గుండుసూది నోట్లో పెట్టుకోలేదు. మరి ఆ రుచి అదేనని తనకెలా తెలిసింది?

*

పరీక్షకి ముందురోజు ఆసుపత్రికి వెళ్ళింది. మత్తు డాక్టరు నాలుక మీద దూదితో రాసి, సూది మొనతో తాకి, "తెలుస్తోందా?" అని ఆరుసార్లు అడిగింది. ఆరుసార్లూ లేదనే. డాక్టరు మొహం చిన్నబోయింది. ఇంకో మూడు నెలలు చూద్దామంది.

లేవబోతూ, మర్యాదకి అడిగినట్టు అడిగింది నాలుకమ్మ. "ఆ రోజు నా పక్క మంచం మీద ఒక దర్జీ ఆవిడ ఉండేది. బాగుందా?"

రాస్తున్న పెన్ను ఆగింది.

"మీకు బంధువా?"

"కాదు. ఊరికే."

"ఆవిడ... ఇంకా లేవలేదు." డాక్టరు తలెత్తలేదు. "గొట్టం దిగడం కష్టమైంది. కాసేపు గాలి అందలేదు. పైన ఆఖరి గదిలో ఉంది."

నాలుకమ్మ మెట్లెక్కింది. ఎందుకో తనకే తెలియదు. పైన వరండా పొడవునా గచ్చు కడిగి ఉంది. ఫినాయిల్ వాసన. ఆఖరి గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కిటికీకి ముదురాకుపచ్చ పరదా. పట్టపగలే నీళ్ళ అడుగున ఉన్నట్టుంది వెలుతురు. ఏదో యంత్రం ఊపిరి తీస్తున్నట్టు, ఆగి ఆగి, చిన్న చప్పుడు. మంచం మీద దర్జీ ఆవిడ సగానికి సగం అయిపోయింది. ముక్కులో సన్నటి గొట్టం. పెదాలు ఎండి, చీలి, కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. పక్కన స్టూలు మీద ఒకావిడ దూది ఉండ గిన్నెలో ముంచుతోంది. వదిన కాబోలు.

"ఎవరండీ?"

"ఆ రోజు పక్క మంచం..."

"టీ ఉమ్మే అక్కా!" వదిన మొహం విప్పారింది. "లోపలికి వెళ్ళేముందు చెప్పింది నాకు. బాగవగానే మీ దగ్గరకొచ్చి నేర్చుకుంటుందిట. కూర్చోండి, కూర్చోండి."

ఇంకో స్టూలు జరిపి కూర్చోబెట్టి, ఫోన్ నంబరు అడిగి రాసుకుంది. మాట్లాడటానికి మనిషి దొరక్క మొహం వాచి ఉందేమో, ఆపకుండా చెబుతోంది. చెబుతూనే, దూది ఉండతో ఆడపడుచు పెదాలు తడిపింది.

నాలుకమ్మ నోట్లో, ఎడమవైపు, తడి దూది తగిలింది. దాని వెనకే మందు చేదు, ఆరు గంటలు కాకపోయినా.

స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

"డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దంటున్నారండీ. కానీ నేను చూస్తున్నానుగా. రోజూ పొద్దున్న పదింటికి పెదాలు కదుపుతుంది. సర్రుమని పీలుస్తుంది, ఎవరో తాగిస్తున్నట్టు. మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి. అప్పుడు మాటలు కూడా వస్తున్నాయి." వదిన గొంతు తగ్గించింది. "మాకే అర్థం కావు. మాడింది అంటుంది. పసరు అంటుంది. ఏం మాడిందమ్మా అంటే పలకదు."

యంత్రం ఆగి ఆగి ఊపిరి తీస్తోంది.

నాలుకమ్మ సంచీలో ఎప్పుడూ రెండు మూడు నమూనా పొట్లాలు ఉంటాయి. చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్ళింది. ఒక పొట్లం. వదిన దూది పిండుకుంటోంది, ఇటు చూడటంలేదు. నాలుకమ్మ చిటికెడు పొడి తీసి, తల తిప్పుకుని, ఎడమవైపు పెట్టుకుంది. పేరు చెప్పలేదు. పెదాలు బిగించింది.

ఒకటి. రెండు. మూడు.

మంచం మీద చీలిన పెదాలు కదిలాయి.

"పొగ..."

వదిన గిర్రున తిరిగింది. "విన్నారా? విన్నారా!"

నాలుకమ్మ లేచింది. పొట్లం మీద ఏం రాసుందో చూడక్కర్లేదు. తెలుసు. గుమ్మం దాకా వచ్చాక, వెనకనుంచి, మళ్ళీ అదే పొడి గొంతు. ఈసారి ఇంకొంచెం స్పష్టంగా.

"...పైకి పోతుంది."

*

ఆ సాయంత్రం మాస్టారు ధైర్యం చెప్పబోయాడు. "రేపు సున్నా వచ్చినా చెవి మెలిపెట్టనులే" అన్నాడు. నవ్వలేదు ఆవిడ. ఇంతకాలం తన నాలుకకి చెబుతున్నాననుకుంది. ఎవరికి చెప్పిందో ఇప్పుడు తెలిసింది. చుక్కల గొట్టం తీసి చెత్తబుట్టలో పారేసింది. ఇక ఎడమవైపు ఏమీ పెట్టదు. రేపు కుడివైపుతోనే, ఉన్నదాంతోనే, నెగ్గినా ఓడినా. గట్టిగా నిర్ణయించుకుంది.

తెల్లారేసరికి ఒకటే వాన. పదింటికి కూడా ఉత్తరం కిటికీలోంచి వచ్చే వెలుగు బూడిదలా ఉంది. పెద్దాఫీసు పరీక్షాధికారి సన్నటి మనిషి, మాటల పొదుపరి. అట్టకి కాగితం బిగించి, పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాడు. బాబాయ్ కెటిల్ దగ్గర. బల్లమీద ఆరు వరసలు, వరసకి మూడు గిన్నెలు. ఆవిరి కిందకి, బల్ల మీదుగా పాకుతోంది.

మొదటి వరస. తల కుడివైపు వాల్చి పీల్చింది. ఉమ్మింది. "ఒకటోది." పెన్సిల్ టిక్కు పెట్టింది.

రెండో వరస. అటూ ఇటూ తేలలేదు. "మూడోది." పెన్సిల్ ఐమూలగా అటొకసారి, ఇటొకసారి కదిలింది. తప్పు.

ఇక తప్పడానికి లేదు.

మూడో వరస. పీల్చింది. కుడివైపు మూడూ ఒక్కలాగే ఉన్నాయి. మళ్ళీ పీల్చింది. ఒక్కలాగే. బాబాయ్ కిటికీలోంచి వానకేసి చూస్తున్నాడు, చూడలేక. పరీక్షాధికారి గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు తట్టారు.

నోట్లోంచి. లోపలి నుంచి. నాలుక ఎడమ అంచు, ఆవిడ కదపని అంచు, పంటి మీద తట్టింది. తలుపు తట్టినట్టు. మర్యాదగా. ఒకసారి. రెండుసార్లు.

ఆగింది.

నాలుకమ్మ కళ్ళు మూసుకుంది. పైన ఆఖరి గది కనబడింది. ఆకుపచ్చ పరదా, చీలిన పెదాలు. వద్దు. నిన్ననే అనుకుంది, వద్దని. ఆ వెంటనే పాకింగు హాలు కనబడింది. మూతలు బిగిస్తూ, పక్కకి జరుగుతూ, తల వంచుకున్న ముసలాయన.

"రెండోది" అంది.

పెన్సిల్ టిక్కు పెట్టింది.

నాలుగో వరస. ఒకసారి తట్టింది. "ఒకటోది." టిక్కు. ఏదో చల్లగా నాలుక మధ్య గీత దాటింది. తడి గుడ్డ కప్పినట్టు. మొద్దుదనం కుడివైపుకి వేలెడు జరిగింది.

ఆపేయొచ్చు. ఇప్పుడైనా ఆపేయొచ్చు...

ఐదో వరస. మూడుసార్లు. "మూడోది." టిక్కు. ఇంకో వేలెడు.

ఆరో వరసకి వచ్చేసరికి టీ వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియలేదు. గిన్నె ఎత్తింది, పీల్చింది, ఉమ్మింది. నోట్లో ఏమీ లేదు. గాలి కూడా లేదు. తట్టే చప్పుడు ఒక్కటే. ఈసారి దానికోసమే ఎదురుచూసింది తను. రెండు.

"రెండోది."

"ఐదు" అన్నాడు పరీక్షాధికారి. ఆ రోజుకి ఆయన మాట్లాడిన ఒకే ఒక్క మాట. కాగితం మడిచి వెళ్ళిపోయాడు.

బాబాయ్ గుండెల మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. "రెండో వరసలో నా ప్రాణం తీశావు కదమ్మడూ! మూడో వరస నించి ఏం పూనింది నీకు? అసలు పీల్చకుండానే చెబుతున్నట్టున్నావు!"

జవాబు చెబుదామనుకుంది. నోట్లో నాలుక ఎక్కడుందో తెలియక మాట ముద్దగా వచ్చింది. వరండాలో, గోడకి తగిలించిన సంచీలో ఫోన్ మోగుతోంది.

వదిన. ఏడుస్తోంది, నవ్వుతోంది. "లేచిందక్కా! పదిన్నరకి కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. తాగి, అబ్బ ఎంత బాగుందో అంది. డాక్టర్లందరూ వచ్చి చూస్తున్నారు. మీతో మాట్లాడాలట. ఇస్తున్నా, ఇస్తున్నా..."

ఫోన్లో బట్ట రాసుకున్న చప్పుడు. ఊపిరి.

"అక్కా." పొడి గొంతు తడిదేరింది. "బాగా నేర్పారు."

నాలుకమ్మ గోడకి ఆనుకుంది. వాన వరండాలోకి కొడుతోంది. "నాది... నాది నాకివ్వు" అంది అతి కష్టం మీద.

"మీది నా దగ్గరే ఉందక్కా. కుడివైపంతా మీదే. ఎంత బాగుందో. ఇనుము లేదు." గొంతు గుసగుసగా మారింది. వదినకి వినబడకూడదన్నట్టు. "ఎడమవైపు ఎవరక్కా?"

"ఎవరు... ఏంటి?"

"మీరు కాదు. మీరు ఉమ్మేస్తారు. అటువైపు వాళ్ళు ఉమ్మరు. నములుతారు. నేను పడుకున్న మొదటిరోజు నుంచీ వాళ్ళూ పాఠం చెబుతున్నారు. ఒక్కొక్కటీ పెట్టి, పేరు చెబుతారు. మీలాగే. అవి తినేవి కావక్కా."

"మరి... ఏవి?"



"ఇవాళ పొద్దున్న కొత్తది పెట్టారు. దాని పేరింకా చెప్పలేదు. మెత్తగా ఉంది... వెచ్చగా ఉంది. కదులుతోందక్కా."

ఫోన్ తెగిపోయింది.

గదిలోంచి బాబాయ్ కేకేశాడు. రెండో విడత నీళ్ళు పోశానని, ఆరు నిమిషాల్లో రమ్మని. నాలుకమ్మ కదల్లేదు. నోట్లో ఏమీ తెలియడంలేదు. ఉందో లేదో చూసుకుందామని మెల్లగా చూపుడువేలు లోపలికి పెట్టింది. ఉంది. వేలికి తెలుస్తోంది, నాలుకకే తెలియడంలేదు. చల్లగా ఉంది. వేలు ఎడమ అంచు వెంట జరిపింది.

గుంటలు తగిలాయి. చిన్నవి. వరసగా, దగ్గర దగ్గరగా, ఇప్పుడే పడ్డట్టు లోతుగా. పంటి గాట్లు.

తన పళ్ళు బిగించి లేవు. నోరు తెరిచే ఉంది.

లెక్కల మాస్టారి భార్య. అలవాటుగా లెక్కపెట్టింది. పది. పన్నెండు. పద్నాలుగు. ఏ మనిషికైనా పై వరస రెండువైపులా కలిపినా పదహారే ఉంటాయి, అక్కడైనా ఆగాలి.

పదిహేడు. పద్దెనిమిది. వేలు ఇంకా జరుగుతూనే ఉంది...